బండారి ముట్టనోళ్లు

నా బి.ఏ. థీసిస్ నలభై రెండు పేజీలు. అందులో నలభై ఒక్క పేజీలు ఎవరికీ ఏ హానీ చేయలేదు, మేలూ చేయలేదు. పంతొమ్మిదో పేజీలో ఒక చిన్న పట్టిక ఉంది. మా వాడలో పదకొండు ఇండ్లను ఊరు విడిచి పోయేట్టు చేసింది ఆ పట్టిక. దాన్ని గీతలు కొట్టి మరీ అందంగా వేసింది నేనే.

అది అరవై నాలుగు ఎండాకాలం. నేను హైదరాబాద్‌లో ఆడపిల్లల కాలేజీలో చదువుతున్నాను. మా రాజనీతి శాస్త్రం మేడమ్ లైబ్రరీలో కూర్చుని నాలుగు పుస్తకాలు తిరగేసి రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. "పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి. ఊళ్లకు పోయి కళ్లతో చూసి రాయండి" అంది. పట్నం పిల్లలంతా మొహాలు వేలాడేశారు. నాకు మాత్రం లోపల సంబరం. క్లాసులో ఊరున్నది నాకొక్కదానికే.

మా ఊరు పెద్దేముల్‌కు రెండు కోసుల దూరం. మేము కురుమలం, గొర్లు కాసుకునేవాళ్లం. మా నాయిన నర్సప్ప మా వాడకు కులపెద్ద. ఆడపిల్లను మొదట వికారాబాద్‌లో హాస్టల్లో ఉంచి, తర్వాత పట్నం దాకా పంపిన కురుమ ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. "ఆడివిల్లకు గంత సదువెందుకు నర్సప్పా" అని ఎవరైనా అంటే, "నీ జీవాల లెక్క నువ్వు జూస్కో, నా బిడ్డ లెక్క నేను జూస్కుంట" అనేవాడు. ఆయనంటే నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది మీకు అర్థం కాదు.

పంచాయతీకి చీటీలతో ఓటు మా ఊళ్లో అదే మొదటిసారి. అంతకుముందు చావడి ముందు నిలబెట్టి చేతులెత్తించేవారు. పటేలు ఎదురుగా కూర్చుంటే ఏ చెయ్యి ఎటు లేస్తుందో చెప్పాలా? ఈసారి మా వార్డును ఆడవాళ్లకు కేటాయించారు. పటేలు తన మరదలిని నిలబెట్టాడు. ఆమె కాపురం వికారాబాద్‌లో, మా వాడ ఎటువైపుందో కూడా ఆమెకు తెలియదు. ఆమె మీద మా భాగమ్మ నిలబడింది. మొగుడు పోయాక తన మంద తానే కాసుకుంటున్న మనిషి, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే.

పటేలు చీటీల ఓటును నమ్మలేదు. మా నాయినను పిలిపించి బండారి పట్టించమన్నాడు. బండారి అంటే మల్లన్న పసుపు. దాన్ని ముట్టి ఇచ్చిన మాట తప్పితే మంద మిగలదని మావాళ్ల నమ్మకం. నాయిన ఇత్తడి పళ్లెంలో బండారి పోసి, ముప్పై రెండు ఇండ్ల మొగవాళ్లతో ముట్టించాడు. మా ఇంటి ఓట్లన్నీ పటేలు మరదలికే అని అందరూ ఒట్టేశారు. నేను అరుగు మీద కూర్చుని అంతా రాసుకున్నాను. థీసిస్‌కు ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుందని మురిసిపోయాను కూడా.

ఓట్లు లెక్కపెడితే భాగమ్మ ఏడు ఓట్లతో గెలిచింది.

ఆ రాత్రి మా వాడలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మొగవాళ్లు ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. ఆడవాళ్లు తలలు వంచుకుని ఎవరి పనిలో వాళ్లున్నారు, కానీ ఆ వంచిన తలల్లో ఏదో ఉందని నాకు తోచింది. తెల్లారి నోట్‌బుక్కు పట్టుకుని బుగ్గమ్మ ఇంటికి పోయాను. బుగ్గమ్మ నా చిన్ననాటి జత. దోమ అనే ఊళ్లో పుట్టింది, మా వాడకు కోడలుగా వచ్చేసరికి ఆమెకు పద్నాలుగేండ్లు, నాకు పన్నెండు. చావడి వెనకాల గచ్చకాయలాడేవాళ్లం. ఆమె వాకిట్లో కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతోంది.

"ఎవరికేసినవే?" అని అడిగాను.

నవ్వింది. అటూ ఇటూ చూసింది. "నీకెందుకు?"

"నా చదువుకు కావాలె. పేరు రాయను."

"ఒట్టెయ్యి మరి." లోపలికి పోయి చిటికెడు బండారి తెచ్చి అరచేతిలో పట్టింది. "మీ నాయిన మొగోళ్లతోని ముట్టిచ్చిండు. నేను నీతోని ముట్టిస్త. ముట్టు."

ముట్టాను. పేరు రాయనని ఒట్టేశాను.

"భాగమ్మకే ఏసిన" అంది గుసగుసగా. ఆ మొహంలో వెలుగు నేను ఇంకెప్పుడూ చూడలేదు. "గా డబ్బా దగ్గర ఎవ్వలు లేరే సుమిత్రా. అత్త లేదు, మొగడు లేడు, పటేలు లేడు. నేనొక్కదాన్నే. చీటీ మడ్సి అండ్ల ఏసిన."

"మీ ఆయన బండారి ముట్టిండు కదా?"

"ఆయన ముట్టిండు. నేను ముట్టిన్నా?"

ఆ మాటతో నా థీసిస్ పుట్టింది. ఇల్లిల్లూ తిరిగాను. అందరూ చెప్పలేదు. చెప్పినవాళ్లలో పదకొండు మంది అదే మాట అన్నారు, ఒకరికొకరు తెలియకుండానే. బండారి ముట్టింది మొగోళ్లు, మేం ముట్టలేదు, మా ఓటు మాది. ఒట్టు ఇంటి మొత్తానికని మొగవాళ్లనుకున్నారు. ముట్టిన చేతికే అని ఆడవాళ్లనుకున్నారు. మా మేడమ్ వింటే ఎగిరి గంతేస్తుందని నాకు తెలుసు.

చివరన మా అవ్వను అడిగాను. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ పేరు వెంకటమ్మ. మాటలు తక్కువ. జొన్నరొట్టె తట్టుతూ, తల ఎత్తకుండానే, "నేను గూడ గామెకే ఏసిన. రాస్కో" అంది. బండారి పట్టించిన మనిషి ఇంట్లోనే! నాకు నవ్వాగలేదు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కానీ రాసుకోలేదు. అప్పుడు ఆలోచించి మానేశానని చెప్పలేను, ఆలోచించలేదని కూడా చెప్పలేను. పేర్ల బదులు ఓటరు జాబితాలో ఉన్న వరస నంబర్లు వేశాను. చెప్పినవాళ్లు చెప్పిన వరసలో పదకొండు నంబర్లు. నలభై ఏడు బుగ్గమ్మది. పద్దెనిమిది మా అవ్వది. అది మాత్రం వేయలేదు.

టైపు కొట్టించడానికి తాండూరు పోయాను. స్టేషన్ దగ్గర జహూర్ సాబ్‌కు చిన్న టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. రెండు రోజులు ఎదురుగా కూర్చుని కొట్టించుకున్నాను. పంతొమ్మిదో పేజీ దగ్గర ఆయన వేళ్లు ఆగిపోయాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి నావైపు చూశాడు.

"బేటీ, గీ నంబర్లు ఓటర్ల లిస్టువేనా?"

"అవును. మీకెట్ల తెలుసు?"

"మీ దిక్కు ఊర్ల లిస్టులన్ని నేనే కొట్టిన. చూస్తనే సమజైంది. గా లిస్టు మీ పటేలు తాన గూడ ఉంటది గదా? జర సోంచాయించు. మార్చెయ్. ఏ, బీ, సీ అని పెడుదం."

మార్చాలంటే మూడు పేజీలు మళ్లీ కొట్టాలి. నాలుగింటి బస్సు పోతుంది. "మా ఊళ్లో ఇంగ్లీషు ఎవరికొస్తది సాబ్? ఫికర్ లేదు" అన్నాను. నా గొప్ప నాది. ఆయన కళ్లద్దాలు కిందికి దించి కొట్టాడు.

నేను తిరిగి వచ్చేసరికి ఊళ్లో సంగతులు మారిపోయాయి. పటేలు తన పడావు పడ్డ బీడు భూములన్నింటికీ మా వాడ జీవాలు రాకుండా కాపలా పెట్టాడు. ఆయన మోటబావి పక్కన ఉన్న తొట్టిలో నీళ్లు ఆపించాడు. చుట్టూ ఆ ఎండకు నీళ్లున్న బావి అదొక్కటే. "బండారి తప్పినోళ్లెవ్వలో నాకు చెప్పున్రి. మిగిలినోళ్లు మంచిగ మేపుకోన్రి" అని చావడిలో చెప్పాడట. ఎవరూ నోరు మెదపలేదు. మొగవాళ్లకు నిజంగానే తెలియదు. నాలుగు రోజుల్లో గొర్రెపిల్లలు చావడం మొదలైంది.

ఆ మధ్యాహ్నం నాయిన జీవాలను చింతల నీడకు తోలి, గొంగడి పరుచుకుని నన్ను పిలిచాడు.

"నీ బుక్కు అయిందట గదా బిడ్డా. ఏం రాసినవో జర చదివి ఇనిపియ్యి."

నాకు ఎంత సంతోషమో. కాలేజీలో ఎవరి తండ్రి అడిగాడు అలా? నాయిన అక్షరం ముక్క రాని మనిషి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని వాక్యం వాక్యం తెలుగు చేసి చెప్పుకుంటూ పోయాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "ముట్టిన చేతికే ఒట్టు" అన్న మాట దగ్గర కళ్లు తెరిచి, "ఎవలన్నరు గీ మాట?" అన్నాడు.

"పేర్లు రాయలేదు నాయినా. నంబర్లే."

"నంబర్లే చదువు."

చదివాను. నలభై ఏడు, తొంభై, ముప్పై ఒకటి, అయిదు, ఎనభై ఎనిమిది... పదకొండూ చదివాను.

"మల్లోసారి" అన్నాడు.

మళ్లీ చదివాను. మా నాయిన రెండు వందల గొర్లలో ఏ గొర్రె ఏ తల్లి పిల్లో, దాని తల్లి ఏ ఏడు ఈనిందో మొహం చూసి చెప్పేవాడు. అలాంటి మనిషికి పదకొండు నంబర్లు ఒక లెక్కా? ఆ సంగతి నాకు తెలియనిదా? తెలుసు. నా థీసిస్ నాయిన రెండుసార్లు అడిగి విన్నాడన్న ఆనందంలో నాకు ఇంకేమీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున చావడి దగ్గరికి అందరినీ రమ్మన్నారు. పటేలు మనిషి ఓటరు జాబితా ముందర పెట్టుకుని నంబరు చదివి, దాని ఎదురుగా ఉన్న పేరు చదవసాగాడు.

"నలభై ఏడు. బుగ్గమ్మ."

బుగ్గమ్మ అత్త ఛాతీ మీద కొట్టుకుంది. ఎవరో పెద్ద గొంతుతో తిట్టారు. ఎవడు చెప్పి ఉంటాడా అని నేను కూడా అందరిలాగే చుట్టూ చూశాను.

"తొంభై. కాశమ్మ."

"ముప్పై ఒకటి."

జాబితాలో ఉన్న వరసలో చదివితే అయిదు ముందు రావాలి. అయిదు నాలుగోది అయింది. తర్వాత ఎనభై ఎనిమిది. అది ఓటరు జాబితా వరస కాదు. నేను ఇల్లిల్లూ తిరిగిన వరస. ప్రపంచంలో ఆ వరస పంతొమ్మిదో పేజీలో తప్ప ఇంకెక్కడా లేదు. నాయిన పటేలు కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. నావైపు చూడలేదు.

ఇంటికి వచ్చేదాకా నాకు ఏడుపు రాలేదు. నాయిన వెనకాలే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఎందుకు జేసినవ్ నాయినా?"

"జీవాలు సస్తున్నయ్ బిడ్డా. పదకొండు ఇండ్లు పోతే ఇరవై ఒక్క ఇండ్లు బతుకుతయ్."

"నేను వాళ్లకు మాటిచ్చిన. బండారి ముట్టి ఇచ్చిన."

"నేను గూడ ముట్టి ఇచ్చిన, పటేలుకు. నీ వికారాబాద్ హాస్టల్ సీటుకు చిట్టీ రాసిచ్చింది గూడ పటేలే, మర్శిపోయినవా?" కొంచెం ఆగి, మెల్లగా అన్నాడు. "అయినా నువ్వు పేర్లు రాయలేదంటివి. నేను గూడ పేర్లు చెప్పలే. నంబర్లే చెప్పిన."

నా మాట నాకే అప్పజెప్పాడు. నన్ను చదివించిన మనిషి, నా చదువును దగ్గర కూర్చోబెట్టుకుని విన్నది ఇందుకా అనుకుంటే, ఆయన నా కోసం చేసినవన్నీ ఒక్కసారిగా చేదెక్కిపోయాయి. పెంచిన చేత్తోనే మోసం చేశాడు. ఇప్పటికీ నేను ఆయనను క్షమించలేదు. ఆయన పోయి పదేళ్లయింది, అయినా క్షమించలేదు.

లోపల అవ్వ రొట్టెలు చేస్తోంది. అంతా వింటోంది. "సుమిత్రా, ఇటు రా" అని పిలిచింది.

"పదకొండే చదివిండ్రు గదా. నాది ఏది?"

"రాయలేదవ్వా."

"ఎందుకు?"

"నీకేమన్నా అయితదని."

పెనం మీది రొట్టె తిప్పింది. కాలినదాన్ని తీసి పక్కన పెట్టింది.

"అంటే, ఏమన్నా అయితదని నీకు ఎర్కనే అన్నట్టు" అంది.

ఇంతకంటే కొట్టినా బాగుండేది. ఆమె లేచి, చేతులకంటిన పిండి దులుపుకుని అరుగు మీదికి పోయింది. నాయిన ముందు నిలబడి, రోజూ అన్నానికి లెమ్మన్నంత మామూలుగా చెప్పింది.

"పద్దెనిమిది నంబరు నాది. నేను గూడ భాగమ్మకే ఏసిన. పటేలు ఇంకా చావడికాన్నే ఉన్నడు. పోయి చెప్పిరా."

నాయిన ఆమె మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు, అబద్ధమని నేను చెబుతానేమోనన్నట్టు. నేను తల దించుకున్నాను. ఆయన అరుగు దిగలేదు. పొద్దున పదకొండు ఇండ్ల పేర్లు చదివించి వచ్చిన పెద్దమనిషి ఆ సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ పదకొండు ఇండ్లవాళ్లు సామాన్లు గాడిదల మీద, ఒక ఎడ్లబండి మీద వేసుకుని, మందలు తోలుకుని కర్ణాటక దిక్కు బయల్దేరారు. వానలు పడేదాకా ఇక్కడ వాళ్ల మందలకు మేత లేదు, నీళ్లు లేవు. భాగమ్మ కూడా వాళ్లతోనే. "నన్ను గెలిపిచ్చి మీ నోట్ల మీరే మన్ను గొట్టుకున్రు గదనే" అంటూ అందరినీ తిడుతోంది, తిడుతూనే ముసలివాళ్లను బండెక్కిస్తోంది. బుగ్గమ్మ ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. మొగుడు కొట్టాడు. నేను దగ్గరికి పోతే ఆగింది.

"నువ్వు ముట్టినవ్ గద సుమిత్రా" అంది.

ఆ వెనకాల మా దొడ్డి తడిక తీసిన చప్పుడయింది. మా అవ్వ, తల్లిగారింటివాళ్లు తనకిచ్చిన జీవాలు, వాటి పిల్లలు, మొత్తం ఇరవై మూడు, మా మందలోంచి ఒక్కొక్కటిగా వేరు చేసి బయటికి తోలుతోంది. నాయిన ఎదురుపోయాడు.

"ఏమే, ఎటు? నిన్నెవ్వలు పొమ్మన్నరు? లోకం ఏమనుకుంటది?"

"అనుకోనీ" అంది అవ్వ.

వాడ వాడంతా చూసింది. పన్నెండో మనిషి ఎవరో ఇక ఎవరూ చదివి వినిపించనక్కర లేకపోయింది. పటేలుకు కూడా ఆ సంగతి చేరే ఉంటుంది, కానీ నాయినతో ఆయనకు ఇంకా పనుంది కాబట్టి ఊరుకున్నాడు. అవ్వ కర్ర భుజాన వేసుకుని బుగ్గమ్మ పక్కన నడిచింది. దసరా తర్వాత తిరిగివచ్చింది, తొమ్మిది జీవాలతో. పదకొండు ఇండ్లలో రెండు ఇండ్లు మళ్లీ రానే లేదు. తాండూరు బండల గనుల్లో రాయి కొడుతున్నారని తర్వాత ఎవరో చెప్పారు.

అవ్వ మంద తోలుకుని వెళ్లిన వారానికి నేను కాలేజీకి బయల్దేరాను. వికారాబాద్ జంక్షన్‌లో బండి చాలాసేపు ఆగింది. థీసిస్ ఒళ్లో పెట్టుకుని, పెన్ను తీసి, పంతొమ్మిదో పేజీ తెరిచాను. పన్నెండో గీత గీసి పద్దెనిమిది అని వేద్దామనుకున్నాను. పట్టిక కింద జాగా లేదు. వేస్తే పక్క పేజీలో ఉన్న శాతాలన్నీ తప్పవుతాయి. ముగింపులో పదకొండు అన్న మాట అయిదుచోట్ల ఉంది. నంబర్లన్నీ కొట్టేసి కాగితం చించేద్దామని కూడా అనుకున్నాను. చించితే పదిహేను రోజుల్లో ఇంకో థీసిస్ ఎక్కడినుంచి తేవాలి? బండి కదిలింది. పెన్ను మూత పెట్టాను.

జూలైలో మేడమ్ నన్ను గదికి పిలిచింది. బల్ల మీద నా థీసిస్ తెరిచి ఉంది. ఇంతమంది రాశారు గానీ ఇలాంటిది ఒక్కరూ తేలేదంది. "ముట్టిన చేతికే ఒట్టు, ఎంత గొప్ప విషయం పట్టుకున్నావమ్మా" అంది. ఆ ఆడవాళ్ల ధైర్యం గురించి చాలాసేపు మాట్లాడింది. వాళ్లిప్పుడు ఎక్కడున్నారని అడగలేదు. నేను చెప్పలేదు.

మార్కులు వేయబోతూ పెన్ను ఆపి, "ఒక్క ప్రశ్న, పద్ధతి కోసం అడుగుతున్నాను" అంది. "నీ సొంత ఊరు కదా. వీళ్లలో మీ ఇంటివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ముందుమాటలో చెప్పాలి."

ఆ వేళకు మా అవ్వ కర్ణాటకలో ఏ చేనుగట్టునో ఇరవై మూడు జీవాల వెంట తిరుగుతూ ఉంటుంది. నోరు తెరిచి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ తన నంబరు తానే చెప్పుకున్న మనిషి.

"లేరు మేడమ్" అన్నాను.

ఆమె నాకు ఫస్టు క్లాసు వేసి సంతకం పెట్టింది.